ఏడు రోజుల నీళ్లు

ఆ వీధిలో అతన్ని అందరూ ఆగు మేస్త్రీ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది గుర్తింపు కార్డు దాటి బయటికొచ్చి చాలా ఏళ్లయింది. చేపల తొట్టి మోసుకుని ఎవరొచ్చినా అతని నోట మొదట వచ్చే మాట "ఆగు". సాయంత్రానికి అవుతుందా మేస్త్రీ అంటే ఆగు. పోనీ రేపటికి అంటే, ఆగు, ముందు దీన్ని చూడనీ. ఆ చూడ్డానికే అరగంట. తొట్టిని బల్ల మీద పరిచిన పాత తివాచీ మీద పెట్టించుకుని, కళ్లద్దాలు నుదుటి మీంచి ముక్కు మీదికి దించి, నాలుగు మూలలూ, పై ఫ్రేము, కింది ఫ్రేము, అద్దాల అంచులు అన్నీ వరసగా చూస్తాడు. తర్వాత అతను చెప్పే గడువు విని సగంమంది తొట్టి ఎత్తుకుని పక్క వీధికి పోతారు. అతను ఎవర్నీ ఆపడు.

ఈ పేరు అతనికి ముప్పై ఆరో ఏట తర్వాత వచ్చింది. అంతకుముందు అదే వీధి అతన్ని చిటికె మేస్త్రీ అనేది. పొద్దున తెచ్చిన తొట్టి సాయంత్రానికి ఇచ్చేసేవాడు. చిటికెలో అయిపోతుంది అనడం, నిజంగానే గాలిలో చిటికె వేయడం అతని అలవాటు. అప్పుడు షెడ్డులో ఇద్దరుండేవాళ్లు. అతనూ, అతనికంటే అయిదేళ్లు చిన్నవాడైన తమ్ముడూ.

తండ్రి కిటికీ అద్దాలు కోసేవాడు. కొడుకులిద్దరికీ గాజు పని ఆయన దగ్గరే అబ్బింది. అన్న కొలతలు తీసి అద్దం కోస్తే, తమ్ముడు అతికేవాడు. అసలు పనితనం అంతా తమ్ముడిదే. సిలికాన్ జిగురు పెట్టి, వేలు తడి చేసుకుని, ఊపిరి బిగబట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్కసారి లాగితే మధ్యలో వేలు లేచేది కాదు. ఆ గీత చూసి కొందరు ఇది మిషను పనా అని అడిగేవారు. "మిషనే. రోజుకు నాలుగు టీలు పోస్తే నడుస్తుంది" అనేవాడు అన్న. తమ్ముడు నవ్వి, టీ గ్లాసు చాపేవాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం పాత తొట్టి ఒకటి వచ్చింది. నాలుగడుగుల పొడవు. పై ఫ్రేములో మధ్యగా ఉండే అడ్డపట్టీ విరిగిపోయి ఉంది. చూడ్డానికి అది ఒక ప్లాస్టిక్ ముక్క, అంతే. కానీ తొట్టి నిండినప్పుడు ముందు అద్దాన్నీ వెనక అద్దాన్నీ నీళ్లు బయటికి తోస్తుంటే, ఆ రెంటినీ పట్టి ఉంచేది ఆ ముక్కే. తెచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి తొందర పెట్టారు. రాత్రికి ఇంటికి చుట్టాలొస్తున్నారట, అప్పటికి చేపలు ఈదుతుండాలట. అన్న విరిగిన చోట వెంటనే పట్టే జిగురు పోసి, పైన ఇంకో ప్లాస్టిక్ ముక్క అతికించాడు.

"అన్నయ్యా, ఇది ఆగదు. గాజు పట్టీ వేసి రేపటి దాకా ఉంచుదాం" అన్నాడు తమ్ముడు.

"ఏం కాదులే. చిటికెలో ఆరుతుంది. సాయంత్రం నీళ్లు పోసి చూపిద్దాం."

సాయంత్రం నీళ్లు పోశారు. ముప్పావు వంతు నిండేసరికి టక్కుమని చిన్న చప్పుడయింది. పట్టీ ఊడింది. ముందు అద్దం పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చింది. దాని ఎదురుగా ఉన్న తమ్ముడు, పడబోయే మనిషిని ఆపినట్టు, రెండు చేతులూ అద్దానికి అడ్డం పెట్టాడు. అద్దం పగిలింది. ఎడమ చేతికి గీతలతో పోయింది. కుడి మణికట్టు దగ్గర నరాలు తెగాయి.

ఆసుపత్రిలో తల్లి ఎలా జరిగిందిరా అని అడిగింది. మంచం అటువైపు తమ్ముడి భార్య కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. అప్పటికి వాళ్ల పెళ్లయి మూడేళ్లు. అన్న నోరు తెరిచేలోపు తమ్ముడు చెప్పాడు.

"నేనే అద్దానికి ఆనుకున్నానమ్మా. చూసుకోలేదు."

"నీకెప్పుడూ తొందరే" అని తల్లి ఏడుస్తూ తిట్టింది. అన్న నేల చూశాడు. ఒక్క నిమిషం ఆగి చెబుదామనుకున్నాడు. ఆ నిమిషం దాటింది. తర్వాత చెబుదామనుకున్నాడు. తల్లి ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. తొమ్మిదేళ్లూ చిన్నకొడుకుదే పొరపాటు అనుకుంటూనే పోయింది.

తమ్ముడి కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. అతను ఒక స్కూల్లో గేటు దగ్గర పనికి కుదిరాడు. ఎడం చేత్తో గంట కొట్టడం, ఎడం చేత్తో గేటు తీయడం, ఆలస్యంగా వచ్చే పిల్లల్ని ఏడిపించి మరీ లోపలికి పంపడం. పిల్లలకు అతనంటే ఇష్టం. అన్నగారి షెడ్డుకు అప్పుడప్పుడు వచ్చేవాడు గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. పక్కనున్న టైలరు మెట్టు మీద కూర్చుని అక్కణ్నుంచే మాట్లాడేవాడు. వాతావరణం గురించి, టైలరు కత్తిరించే చొక్కాల గురించి, వదిన మోకాలి నొప్పి గురించి. చెయ్యి ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు, ఇరవై రెండేళ్లు.

ఆ సంఘటన తర్వాత అన్న ఏ పనీ తొందరగా చేయలేదు. చేయలేకపోయాడు. చిటికె వేయడం మానేశాడు. జిగురు ఆరడానికి డబ్బా మీద ఒక రోజు అని రాసి ఉంటే అతను మూడు రోజులు ఉంచాడు. ఆరాక నీళ్లు పోసి, కింద పాత పేపర్లు పరిచి, ఏడు రోజులు కదపకుండా చూశాడు. పేపరు మీద ఒక్క చుక్క తడి కనిపించినా లెక్క మళ్లీ మొదటినుంచి. "మేస్త్రీ, తొట్టి బాగు చేయమంటే సంసారం పెట్టావేంటి దాంతో?" అని జనం నవ్వేవాళ్లు. ఆగు మేస్త్రీ అన్న పేరు అలా పడింది. అతని చేతి నుంచి వెళ్లిన తొట్టి ఏదీ మళ్లీ పగల్లేదు.

యాభై మూడో ఏట తమ్ముడు మంచాన పడ్డాడు. కాలేయంలో మొదలైన జబ్బు వెన్నులోకి పాకింది. ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన స్టూలు, స్టూలు మీద మందులు. ఒక సోమవారం పొద్దున తమ్ముడి భార్య ఫోను చేసింది.

"బావగారూ, ఒకసారి రండి. ఆయన మీతో ఏదో పని చెప్పాలంటున్నారు."

అతను వెళ్లేసరికి వరండాలో ఒక చేపల తొట్టి కడిగి పెట్టి ఉంది. రెండున్నర అడుగులది. పై ఫ్రేములో అడ్డపట్టీ సరిగ్గా మధ్యలో విరిగి ఉంది. అది చూడగానే అతని కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

"లోపలికి రా అన్నయ్యా. అది కరవదు" అన్నాడు తమ్ముడు మంచం మీంచి.

మొహంలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. గొంతు మాత్రం అలాగే ఉంది. స్కూలు పక్కన ఫోటో స్టూడియో మూసేస్తూ ఆ తొట్టి పారేయబోతే తెచ్చుకున్నాట్ట. రెండేళ్లుగా వరండాలోనే ఉంది, గొడుగులు పెట్టుకోవడానికి.

"రెండేళ్లుంటే నాకెందుకివ్వలేదురా?"

"ఇస్తే నువ్వు ఆగు అంటావుగా. అందుకే ఆగాను." తనే నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది. భార్య వచ్చి తల పైకెత్తి రెండు చెంచాల నీళ్లు తాగించి వెళ్లింది. "ఈ గోడ చూసి చూసి విసుగొస్తోంది అన్నయ్యా. దాన్ని బాగుచేసి ఇదిగో, ఇక్కడ పెట్టు. నాలుగు చేపలు తిరుగుతుంటే చూస్తూ పడుంటా. ఎన్ని రోజులు పడుతుంది?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. పాత ఫ్రేము విప్పి శుభ్రం చేయడానికి మూడు రోజులు. అతికాక ఆరడానికి మూడు రోజులు. నీళ్లతో ఏడు రోజులు.

"ఏడు రోజులా!" తమ్ముడు కప్పుకేసి చూశాడు. పెదాల చివర ఏదో కదిలింది. "అప్పుడు ఒక్క రాత్రి ఆగలేదు. ఇప్పుడు ఏడు రోజులు ఆగుతాడట."

ఆ మాట తమాషాగానే అన్నాడు. కానీ ఇన్నేళ్లలో ఆ ఊసు ఎత్తడం అదే మొదటిసారి. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. తమ్ముడు భార్యకు వినబడకుండా గొంతు తగ్గించే అన్నాడు ఆ మాట.

"అందుకేరా" అన్నాడు అతను. ఇంకేదో అనాలి.

"తెలుసులే." తమ్ముడు ఎడంచెయ్యి ఎత్తి తొట్టి వైపు చూపించాడు. "తీసుకెళ్లు. గాజు పట్టీయే వెయ్యి, ప్లాస్టిక్ వద్దు."

తొట్టిని దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకుని షెడ్డుకు వస్తూ అతను ఒక నిర్ణయానికొచ్చాడు. ఈ తొట్టి బాగుచేసి తీసుకెళ్లిన రోజు, తమ్ముడి ముందు, మరదలి ముందు, అసలు జరిగింది చెప్పేస్తాడు. వట్టి చేతులతో వెళ్లి ఆ మాట చెప్పడం అతనికి చేతకాలేదు. తొట్టి అక్కడ నిలబడి, నీళ్లు నిండి, తమ్ముడి మొహం మీద వెలుగు పడుతుంటే మాట దానంతటదే వస్తుందనుకున్నాడు.

మరునాడు పొద్దున పని మొదలుపెట్టాడు. మందపాటి చేతి తొడుగులు వేసుకున్నాడు, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాడు. తొట్టి అద్దాలకు బయటివైపు వెడల్పాటి టేపు అడ్డంగా, నిలువుగా అతికించాడు, ఒకవేళ పగిలినా ముక్కలు ఎగరకుండా. పాత ఫ్రేమును బలవంతంగా పీకితే అంచు లేస్తుంది, పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది. అందుకని పల్చటి బ్లేడు ఫ్రేముకూ అద్దానికీ మధ్య దూర్చి, పాత జిగురును వేలెడంత వేలెడంత కోసుకుంటూ నాలుగు వైపులా తిరిగాడు. ఒక వైపు రావడానికి ఒక పూట పట్టింది. ఫ్రేము ఊడొచ్చాక అద్దం అంచుల మీద మిగిలిన జిగురును గీకి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఎండలో అంచు పట్టి చూశాడు. ఎక్కడా పగుళ్లు లేవు. లోపలి మూలల్లో జిగురు ఇంకా గట్టిగానే ఉంది. తొట్టి బతుకుతుంది అనుకున్నాడు.

ఆ కొలతకు కొత్త ఫ్రేము ఎక్కడా దొరకలేదు. పాతదాన్నే శుభ్రం చేసి తిరిగి కూర్చోబెట్టాడు. విరిగిన ప్లాస్టిక్ పట్టీ పూర్తిగా తీసేసి, దాని చోట బొటనవేలంత మందంలో అరచెయ్యి వెడల్పు గాజు పట్టీ కోశాడు. చెయ్యి పెట్టేవాళ్లకు తెగకుండా అంచులు నీళ్లలో సాన పట్టాడు. గురువారం సాయంత్రం అతికాడు. చేపలకు హాని చేయని, బూజు మందు కలపని జిగురు. కొత్త డబ్బా, కొత్త మూత. జిగురు గీసి వేలు తడి చేసుకుని లాగాడు. మధ్యలో రెండుసార్లు వేలు లేచింది. తుడిచి మళ్లీ గీశాడు. మళ్లీ లేచింది. తమ్ముడి వేలు కాదు కదా తనది. మూడోసారి వచ్చినదాన్ని అలాగే ఉంచి, బెల్టులతో నాలుగు వైపులా సమంగా బిగించి, షెడ్డంతా పుల్లటి జిగురు వాసన నిండుతుంటే కుర్చీలో కూలబడ్డాడు.

ఆదివారం సాయంత్రం నీళ్లు పోశాడు. బల్ల సమంగా ఉందో లేదో రసమట్టంతో చూసుకుని, పేపర్లు పరిచి, మగ్గుతో కొద్దికొద్దిగా. మూడో వంతు నిండాక గంట ఆగాడు. ఇంకో మూడో వంతు, ఇంకో గంట. ముందు అద్దం పై అంచున ఈ చివర్నుంచి ఆ చివరికి దారం లాగి కట్టాడు. అద్దం ఉబ్బితే దారం మధ్యలో బయటికి తన్నుతుంది. తన్నలేదు. నిండా పోశాక తాను దాని ఎదురుగా నిలబడలేదు. పక్కగా నిలబడి చూశాడు.

మరదలు ఫోను చేసింది. "ఆయన మాట్లాడతారట" అని ఫోను తమ్ముడి చెవి దగ్గర పెట్టింది.

"పేపరు తడిసిందా?"

"ఇప్పుడే కదరా పోసింది."

"దారం కట్టావా?"

"కట్టాను."

"ఎంత లేచింది?"

"ఏం లేవలేదు."

"ఊఁ" అన్నాడు తమ్ముడు. ఆ ఊఁ లో పాత రోజుల ఊఁ వినిపించింది. బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి ఒకే అద్దం చూస్తున్నట్టు. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం అదే సమయానికి ఫోను. ముందు పేపరు సంగతి, తర్వాత దారం సంగతి. జ్వరం ఎంతుంది, నిద్ర పట్టిందా అని అన్న అడిగితే ఆ కబుర్లు నాకొద్దు అనేవాడు.

బుధవారం పొద్దున షెడ్డు తలుపు తీసి చూస్తే, ఎడమవైపు ముందు మూల కింద పేపరు మీద చిన్న మచ్చ ఉంది. చొక్కా గుండీ అంత. వేలితో తాకాడు. తడే. మూలంతా పొడిగుడ్డతో ఒత్తాడు, గుడ్డ పొడిగానే వచ్చింది. అద్దం మీద ఎక్కడా చార లేదు. నిన్న ఇగిరిపోయిన నీళ్లకు బదులు ఒక మగ్గు పోసిన మాట గుర్తుంది. అప్పుడు చింది ఉండొచ్చు. ఉండకపోవచ్చు.

ఆ మధ్యాహ్నం మరదలు తనే షెడ్డుకు వచ్చింది. చేతిలో మందుల చీటీ ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, నీళ్లు నిండిన తొట్టి వైపు చూసింది.

"బాగానే ఉందిగా బావగారూ. ఇవాళ తెచ్చేయకూడదూ?"

"ఇంకో నాలుగు రోజులుందమ్మా. పైగా..." మచ్చ సంగతి చెప్పాడు.

ఆమె పేపరు వైపు చూసి, తల అటు తిప్పుకుంది. "డాక్టరు గారు నిన్న చూసి వెళ్లారు. నాతో బయటికొచ్చి మాట్లాడారు." ఇంతే అంది, ఇంకేం చెప్పమంటారు అన్నట్టు చీటీ మడత మీద మడత పెట్టింది. "చిన్న మచ్చేగా అది."

తీసుకెళ్దామా అని అతనికి ఒక్క క్షణం అనిపించింది. మంచం పక్కన ఈ తొట్టి. దాని ముందు కదల్లేని మనిషి. టక్కుమన్న ఆ చప్పుడు చెవిలో వినిపించింది. "వద్దమ్మా. అది వాడి మంచం మీద పగిలితే నేను బతకలేను" అన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

సాయంత్రం ఫోను వచ్చింది. అబద్ధం ఆడాలని అతనికి తోచలేదు.

"తడిసిందిరా. గుండీ అంత."

"ఎక్కడ?"

"ఎడమ ముందు మూల."

అవతల చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. "మగ్గు నీళ్లు చింది ఉంటాయి" అన్నాడు తమ్ముడు.

"అయ్యుండొచ్చు. చెప్పలేను."

"చెప్పలేవు కదా. అయితే పేపరు మార్చు. మొదటినుంచి లెక్కెట్టు." మళ్లీ ఊపిరి. "నాకేం తొందర్లేదు అన్నయ్యా."

కొత్త పేపర్లు పరిచాడు. గురువారం ఒకటి, శుక్రవారం రెండు. పొడి. శనివారం పొడి. ఆదివారం ఫోనులో తమ్ముడి గొంతు సరిగా రాలేదు. పేపరు అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. "పొడిగా ఉందిరా. ఇంకో మూడు రోజులే. బుధవారం తెస్తాను" అని గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాడు. మంచి నారింజరంగు చేపలు నాలుగు ఎంచిపెట్టమని దుకాణంలో చెప్పి వచ్చానని కూడా చెప్పాడు.

సోమవారం పొద్దున పదింటికి తమ్ముడు పోయాడు. మరదలు తడిగుడ్డతో అతని మొహం తుడుస్తుంటే, రెండు ఊపిరుల మధ్య ఆగిపోయాడు.

అన్న వెళ్లాడు, చేయాల్సినవన్నీ చేశాడు, మోశాడు. కన్నీళ్లు రాలేదు. స్కూలు పిల్లలు వరసగా వచ్చి నిలబడ్డప్పుడు మాత్రం గోడ వైపు తిరిగాడు. బుధవారం పొద్దున అలవాటు కొద్దీ షెడ్డు తీసి పేపర్లు ఎత్తి చూశాడు. పొడిగా, గలగలలాడుతూ ఉన్నాయి. ఏడు రోజులు నిండాయి. ఆ మచ్చ రాకపోయి ఉంటే, వచ్చినా పట్టించుకోకుండా ఉంటే, ఆదివారంతోనే నిండేవి. ఆదివారం పొద్దున తీసుకెళ్లేవాడు. తమ్ముడికి ఒక పగలు, ఒక రాత్రి మిగిలేవి. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చింది.

ఇంటికెళ్లి ఆ లెక్క భార్యకు చెప్పాడు. ఆమె గిన్నెలు తోముతోంది. ఆమెకు మరిది అంటే ప్రాణం. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. చేతిలోని గిన్నె కడిగి పక్కన పెడుతూ, ఆలోచించకుండానే అంది.

"ఈలోగా ఒక గాజు సీసాలో రెండు చేపలు వేసి తీసుకెళ్లినా చూసుకునేవాడేమో పాపం."

అన్నాక ఆమెకు తెలిసింది ఏమన్నదో. తడిచేతులతోనే గబగబా వచ్చి భుజం పట్టుకుంది. "నోరు జారాను, ఊరికే అన్నాను, మీరు మనసులో పెట్టుకోకండి." అతను నేల మీద కూర్చుండిపోయాడు. సీసా. ఇంట్లో ఎన్ని సీసాలు లేవు! షెడ్డులో మేకులు పోసుకున్నవే అరడజను ఉన్నాయి. రెండు వారాలు అద్దం, జిగురు, పేపరు, దారం. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా సీసా సంగతి తట్టలేదు. అప్పుడు ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని ఉంది, ఆపమనలేదు.

వారం తర్వాత అతను తొట్టి ఖాళీ చేసి, తుడిచి, దుప్పట్లో చుట్టుకుని తమ్ముడింటికి వెళ్లాడు. మంచం తీసేసి ఉంది. మరదలు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. తొట్టి నేల మీద దించి, నిలబడే చెప్పాడు. కూర్చుంటే మాట రాదేమోనని.

"అమ్మా, ఆ రోజు వాడు అద్దానికి ఆనుకోలేదు. విరిగిన పట్టీకి నేను ఏదో పూసి సరిపెట్టాను. రేపటి దాకా ఆగుదాం అన్నాడు వాడు. నేను వినలేదు. అది ఊడి అద్దం వస్తుంటే చేతులు అడ్డం పెట్టాడు. ఆసుపత్రిలో వాడు చెప్పింది అబద్ధం. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను."

ఆమె అతని వంక చూస్తూనే ఉంది.

"నేను కూడా అన్నాను బావగారూ." గొంతులో కోపం ఇంకా రాలేదు, ఆశ్చర్యమే ఉంది. "ఎన్నోసార్లు అన్నాను. చొక్కా గుండీలు పెట్టేటప్పుడు, అన్నం కలిపి పెట్టేటప్పుడు విసుగొస్తే, మీ తొందరే మీ చెయ్యి తీసింది అని. ఒక్కసారి కూడా ఆయన కాదనలేదు. అవునే, నాది తొందర బుద్ధి అనేవారు."

అతను తల వంచుకున్నాడు.

"ఇరవై రెండేళ్లు నాచేత అనిపించారు మీరు." ఇప్పుడు వచ్చింది కోపం. "ఆయనుండగా చెప్పుంటే, ఒక్క రోజు ముందు చెప్పుంటే, కాళ్లు పట్టుకుని అడిగేదాన్ని కదా. ఇప్పుడు ఎవర్ని అడగను?"

"దీన్ని తీసుకెళ్లిపోండి" అంది ఆమె తొట్టి వైపు చూడకుండా. దుప్పటి మళ్లీ చుట్టి, తెచ్చినట్టే ఎత్తుకుని బయటికొచ్చాడు.

నాలుగు నెలలు ఆమె నుంచి కబురు లేదు. అతని భార్య వెళ్తే మాట్లాడేది, కూర్చోమనేది. అతని పేరు వస్తే లేచి లోపలికెళ్లేది. ఈలోగా స్కూలు వాళ్లు ఆమెను గేటు పనికి తీసుకున్నారు. అతను తొట్టి ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు. షెడ్డులో పై అర మీద పెట్టాడు. పనిలో ఎప్పటిలాగే నెమ్మది. కానీ ఎవరైనా మంచంలో ఉన్నవాళ్ల కోసమో, చిన్నపిల్లల కోసమో అని చెబితే, "ఇది అయ్యేదాకా ఒక సీసాలో రెండు చేపలు వేసి పెట్టుకోండి" అని తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఎందుకు చెబుతున్నాడో వాళ్లకు తెలియదు. మేస్త్రీకి వయసు మీద పడుతోందనుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"స్కూల్లో వరండా చివర బల్ల ఖాళీగా ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌ గారితో మాట్లాడాను. ఆ తొట్టి అక్కడ పెట్టండి. పిల్లలు ఆయన గురించి అడుగుతున్నారు, ఏం చెప్పాలో తెలియట్లేదు నాకు."

"పెడతానమ్మా. బల్ల గట్టిదేనా? నీళ్లు నిండితే చాలా బరువుంటుంది."

"మీరే వచ్చి చూసుకోండి" అని వెళ్లిపోయింది.

అతను వెళ్లి బల్ల చూశాడు. కాళ్లు బిగించాడు. మళ్లీ ఏడు రోజులు నీళ్లు పోసి ఉంచాడు, చేపలు లేకుండా. పిల్లలు రోజూ వచ్చి, తాతా చేపలేవి అని అడిగారు. ఎనిమిదో రోజు వేశాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున స్కూలుకు వెళ్తాడు, నీళ్లు మార్చడానికి. ఆమె వచ్చి గేటు తీస్తుంది. బకెట్లు ఎక్కడున్నాయో చెబుతుంది. నాచు పట్టిందనో, ఒక చేప సరిగా తినట్లేదనో చెబుతుంది. అంతకు మించి మాటల్లేవు. అతను అద్దం తుడిచి, అడ్డపట్టీ వేలితో నొక్కి చూసి, నేల మీద పడ్డ తడిని గుడ్డతో ఒత్తి, బకెట్లు బోర్లించి వస్తాడు. వెళ్లొస్తానమ్మా అంటాడు. ఆమె తల ఊపి, గేటు వేసుకుంటుంది.